మారుతి 800 హెడ్ గాస్కెట్ డైరీ: నేల మీద చుక్క పడకుండా ఇంజిన్ విప్పడం

బండి 1997 మోడల్ మారుతి 800, కార్బురేటర్ ది, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. ఇంజిన్ ని చల్లబరిచే కూలెంట్ ఊరికే తగ్గిపోతా ఉంది, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ మొదలై ఇంజిన్ వేడెక్కినా ఆగట్లేదు, ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపలి వైపు పాలు ఎక్కువైన కాఫీ రంగులో జిగురు పట్టి ఉంది. హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్ కీ దాని పైన కూర్చునే హెడ్ కీ మధ్య ఉండే సీల్ పొర, పోయిందని ఇక వేరే చెప్పక్కర్లేదు. దానికి తోడు గేర్ బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ సీల్ దగ్గర గేర్ ఆయిల్ చెమరుస్తా ఉంది, ముందు బ్రేక్ ప్యాడ్లు కూడా చివరికొచ్చాయి, ఎలాగూ విప్పుతున్నాం కదా అని మూడు పనులూ ఇంటి దగ్గరే చేద్దామని నేనూ తమ్ముడూ అనుకున్నాం.

గాస్కెట్ ఎలా మార్చాలో చెప్పేవాళ్లు దండిగా ఉన్నారు. విప్పేటప్పుడు బండిలోంచి దిగే ఆయిల్, కూలెంట్, పెట్రోల్, బ్రేక్ ఆయిల్ ఇవన్నీ ఎటు పోవాలో చెప్పేవాళ్లు తక్కువ, అందుకే ఈ డైరీలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నా.

ఆదివారం, పానా ముట్టకముందు

మాది మిర్యాలగూడ. ఇంటి ముందు పోర్టికో, కింద తాండూరు బండలు, పోర్టికో నడుమ నీళ్ల సంపు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఆ సంపులోకే వస్తాయి, అవే పైన ట్యాంకుకి ఎక్కుతాయి, ఇంట్లో వంటకీ తాగడానికీ అవే. సంపు మూత ఇనుప రేకుది, దాని అంచు నేలకంటే పెద్ద ఎత్తు కూడా లేదు, బండి ఆపే చోటు దాని పక్కనే. ట్రే బోర్లా పడితే ఆయిల్ ఎటు పోతదో తెలుసుకుందామని చెంబుడు నీళ్లు తెచ్చి బండి కింద పోశాం. సగం గేటు వైపు పోయాయి, మిగతా సగం బండల మధ్య సందు పట్టుకుని సన్నగా పాక్కుంటా వచ్చి సరిగ్గా సంపు అంచు దగ్గర ఆగాయి. అది చూశాక ఆ పొద్దంతా నేల పనే చేశాం, ఇంజిన్ జోలికి పోలేదు.

ఒక్కసారి ఆయిల్ మార్చితే దిగే పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తది, అంటే దాదాపు 38 లక్షల లీటర్లు. అసలే మా నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తో ఎన్ని కుటుంబాలు నడుములు వంగి బాధపడ్డాయో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం, ఆ నేలలోకి మన చేత్తో ఇంకొకటి పంపడం నాకు అస్సలు ఇష్టం లేదు.

నేలకి అడ్డంగా వేసింది పాత ఫ్లెక్సీ. అది ఆయిల్ ని పీల్చదు, కిందికి దిగనివ్వదు, ఎక్కడ చూసినా ఊరికే దొరుకుతది. నాలుగు అంచులకీ కింద చెక్క బద్దలు పెట్టి ఫ్లెక్సీని వాటి మీదుగా లోపలికి మడిచి మేకులు కొట్టాం, లోతు తక్కువైనా బండి ముందు భాగం అంతా పట్టే తొట్టి తయారైంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి, ఆయిల్ పడిన ఫ్లెక్సీ మీద జాకీ స్టాండు పెట్టొద్దు, జారుతది, కింద మనిషి ఉంటాడు. స్టాండ్లు నిలబడే చోట ఫ్లెక్సీ కోసి, స్టాండు నేరుగా బండ మీద కూర్చునేలా పెట్టి, కోసిన అంచుల్ని పైకి మడిచి టేపు వేశాం. మనం పడుకునే చోట రెండు గోనె సంచులు పరిచాం. సంపు మూత చుట్టూ తడి ఇసుక గట్టు వేసి, మూత మీద పాలిథిన్ షీట్ కప్పాం.

రైస్ మిల్లులో పనిచేసే పక్కింటి అన్న ఒక బస్తా ఊక బూడిద తెచ్చిచ్చాడు. బాయిలర్ లో కాలిన ఊక అది, మా ఊళ్లో దానికి కొదవే లేదు. పచ్చి ఊక ఆయిల్ ని సరిగ్గా పీల్చదు, పైన నునుపు ఎక్కువ, కాలాక మాత్రం లోపలంతా సన్న సన్న రంధ్రాలు పడి ఆయిల్ ని బాగా లాగేస్తది. రంపం పొట్టు కూడా పనికొస్తది కానీ మాకు ఇదే దగ్గర. బూడిద బాగా తేలిక, గాలికి లేస్తది, అందులో సిలికా ఉంటది కాబట్టి ఫ్యాన్ ఆపేసి మాస్క్ పెట్టుకునే చల్లాలి.

ఆదివారం సాయంత్రం, కూలెంట్

బండి పొద్దున్నుంచీ కదల్లేదు, ఇంజిన్ పూర్తిగా చల్లబడింది, అప్పుడే రేడియేటర్ మూత తీశాం. వేడి మీద మూత తిప్పితే లోపలున్న ప్రెషర్ కి మరిగిన నీళ్లు మొహం మీదకొస్తాయి. హీటర్ మీటని వేడి వైపుకి తిప్పి పెట్టాం, లేకపోతే హీటర్ లో ఉన్న కూలెంట్ దిగకుండా అక్కడే ఉండిపోయి తర్వాత ఎక్కడో ఒకచోట పైపు లాగినప్పుడు కారు లోపలే పడ్తది.

కింద హోస్ పైపు లాగేస్తే పని తొందరగా అయిపోద్ది కానీ అది ఒకేసారి వెడల్పుగా దూకి కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం (క్రాస్ మెంబర్) మీద పడి నాలుగు దిక్కులా చిమ్ముతది. రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ కి సన్న ట్యూబు తగిలించి, ట్యూబు రెండో కొస డబ్బాలో పెట్టి, మూత కొద్దికొద్దిగా తిప్పాం, టైం పట్టింది కానీ నేల మీద చుక్క పడలేదు. డబ్బా మీద ముందే మార్కర్ తో లీటర్ల గుర్తులు పెట్టుకున్నాం. దిగింది మాన్యువల్ లో రాసిన కొలత కంటే లీటరుకి పైగా తక్కువ. కొంత ముందే తగ్గిపోయి ఉంది నిజమే, మిగతాది మాత్రం ఇంకా బ్లాక్ లోనే ఉంది, హెడ్ ఎత్తేటప్పుడు అది బయటికొస్తదని అక్కడే రాసి పెట్టుకున్నాం. ఈ కొలత పెట్టుకోవడం చిన్న పని, చాలామంది వదిలేస్తారు, కానీ తర్వాత వచ్చే చిందుల్లో సగం దీంతోనే ముందుగా తెలిసిపోతాయి.

కూలెంట్ ని అందరూ రంగు నీళ్లే కదా అనుకుంటారు. అందులో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, కొంచెం తియ్యగా ఉంటది, అందుకే కుక్కలూ పిల్లులూ నాకుతాయి. నీళ్లు కలపనిది ఒక చెంచాడు లోపలికి పోతే చాలు పిల్లి ప్రాణానికే ముప్పు, కిడ్నీలు పోతాయి, లక్షణాలు పూర్తిగా కనబడే సరికి చాలాసార్లు ఆలస్యం అయిపోద్ది. మా వీధిలో రెండు కుక్కలు మా గేటు దగ్గరే పడుకుంటాయి, అమ్మ రోజూ వాటికి అన్నం పెడ్తది. అందుకే దించిన కూలెంట్ ని రాత్రి తెరిచి ఉన్న ట్రేలో వదలకుండా అప్పటికప్పుడే మూతున్న క్యాన్ లోకి మార్చి, పైన పెద్ద అక్షరాలతో విషం అని రాసి లోపల పెట్టాం. నేల మీద పడినదాన్ని ముందు బట్టతో పీల్చేసి ఆ తర్వాతే నీళ్లతో కడగాలి, నేరుగా నీళ్లు కొడితే అది మురుగు కాలవ దాకా పోతది, అక్కడ మళ్లీ అవే కుక్కలు తాగుతాయి.

సోమవారం రాత్రి, ఇంజిన్ ఆయిల్

మామూలుగా ఆయిల్ దించేముందు ఇంజిన్ ని కాసేపు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు దించుతారు. ఇక్కడ నడపలేదు. గాస్కెట్ పోయినప్పుడు చాంబర్ లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, నీళ్లు చేరి ఉంటాయి, బండి కదలకుండా ఉంటే ఆయిల్ పైన తేలి నీళ్లు అడుగుకి చేరతాయి, నెమ్మదిగా విప్పితే ముందు అవే వస్తాయి. చాంబర్ బోల్టు చివరి చుట్టు దగ్గర చేత్తో లోపలికి నొక్కి పట్టుకుని వదులు చేస్తుంటే ముందు ఆకుపచ్చ నీళ్లు సన్న ధారగా వచ్చాయి, గ్లాసుడు దాకా ఉంటాయేమో, ఆ వెనక బూడిద రంగు మడ్డి, ఆ తర్వాత నల్ల ఆయిల్. మొదటిదాన్ని వేరే డబ్బాలో పట్టాం. నీళ్లు కలిసిన ఆయిల్ ని మంచి పాత ఆయిల్ లో కలిపేస్తే తీసుకునేవాళ్లు మొత్తం డబ్బానే వద్దంటారు.

ఇంకో సంగతి బయటపడింది. ఎప్పుడో ఎవరో మెకానిక్ ఆ బోల్టు మరలు పోతే టెఫ్లాన్ టేపు చుట్టి పైన ఎం-సీల్ పెట్టి మూసేశాడు. అది పగలగొట్టి విప్పుతుంటే బోల్టు ఇంకా మరల్లో ఉండగానే చుట్టూ ఆయిల్ కారడం మొదలైంది, నేరుగా కిందికి కాకుండా చాంబర్ అంచు పట్టుకుని వెనక్కి పాకి, అక్కడ ఇంకో బోల్టు తల మీద రెండు ధారలుగా చీలి, ఒకటి ట్రేలో, ఒకటి బయట. తమ్ముడు కింద నుంచి "అన్నా, ట్రే ఇంకొంచెం వెనక్కి జరపాల్నా?" అని అడిగేలోపే ఫ్లెక్సీ మీద అరచేయంత మడుగు అయ్యింది. ఫ్లెక్సీ మీద కాబట్టి అదేం పెద్ద విషయం కాలేదు, బూడిద చల్లి అట్టముక్కతో ఎత్తేశాం.

ట్రే ఎక్కడ పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. బోల్టు పూర్తిగా ఊడగానే ఆయిల్ దూరంగా దూకుతది, లోపల మట్టం తగ్గేకొద్దీ ధార వెనక్కి వస్తది, చివరికి చాంబర్ కిందనే చుక్కలు చుక్కలుగా పడ్తది. అందుకని ట్రే పొడుగ్గా ఉండాలి, దాని పొడవు ధార దూకే వైపుకే ఉండాలి. మేం 15 లీటర్ల నూనె డబ్బాని నిలువుగా కోసి పడుకోబెట్టి వాడుకున్నాం, కోసిన అంచులు చేతులు కోయకుండా లోపలికి మడిచి సుత్తితో కొట్టాం.

ఫిల్టర్ కి ఒక చిట్కా ఉంది. కొంచెం వదులు చేసి ఆపి, మందపాటి పాలిథిన్ కవర్ ని ఫిల్టర్ మొత్తానికి తొడిగి, కవర్ లోపలే తిప్పుతా ఊడదీస్తే ఆయిల్ కవర్ లోనే ఉంటది. లేకపోతే అది ఇంజిన్ పక్క నుంచి జారి సందుల్లో నిలిచి, ఆ తర్వాత వారాల పాటు ఇంజిన్ వేడెక్కినప్పుడల్లా కాలిన వాసన వస్తది, ఎక్కడో లీకేజీ ఉందని మళ్లీ వెతుక్కోవాలి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్ కే అంటుకుని ఉండిపోయిందేమో చూడటం మర్చిపోవద్దు, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిల్ మొత్తం బయటే.

చేతులకి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకున్నాం. వాడిన ఆయిల్ రోజూ చర్మానికి తగలడం మంచిది కాదు, చర్మ క్యాన్సర్ తో దానికి సంబంధం ఉందని చాలా కాలంగా తెలిసిందే. మెకానిక్ షెడ్లలో పిల్లలు మోచేతుల దాకా నల్లగా చేసుకుని అదే చేత్తో చాయ్ తాగుతుంటే చూడలేకపోతాను.

శనివారం పొద్దున, పెట్రోల్ పైపులు, ఆ తర్వాత హెడ్

పెట్రోల్ పని పొద్దున్నే పెట్టుకున్నాం, దానికి కారణం తులసి కోట. అమ్మ సాయంత్రం దీపం పెడ్తది, పోర్టికోకి అది నాలుగు అడుగుల దూరం కూడా లేదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేలబారుగా పాకుతది, మనం కారు దగ్గర ఉన్నా అది దీపం దాకా పోయి అక్కడ అంటుకుని వెనక్కి వస్తది. అమ్మకి ముందే చెప్పాం, "ఇయ్యాల పని అయిపోయి నేను చెప్పేదాకా దీపం పెట్టకమ్మా" అని. బ్యాటరీ నెగటివ్ తీసేశాం, గేట్లు రెండూ బార్లా తెరిచాం, మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటీ ఇసుక బకెట్ ఒకటీ చేతికందేలా పెట్టుకున్నాం. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే ఆరదు, పెట్రోల్ నీళ్ల మీద తేలి మంట ఇంకా దూరం పోతది.

కార్బురేటర్ బండిలో మెకానికల్ పంపు కాబట్టి ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్ఐ బండి లాగా పైపుల్లో పెద్ద ప్రెషర్ ఉండదు, అయినా పైపు లాగగానే కొంచెం కారుతది. పైపు నోటికి సరిపడే బోల్టు ముందే చూసి పెట్టుకుని, లాగిన వెంటనే అది దూర్చి క్లిప్పు బిగించాం, రిటర్న్ పైపుకి కూడా అంతే. కార్బురేటర్ ని ఒరిగించకుండా నిటారుగా ఎత్తాలి, ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ ఉంటది. తుడిచిన బట్టల్ని మూటగట్టి మూల పడేయలేదు, బయట ఎండలో మనుషులు రాని చోట విడివిడిగా ఆరేసి, పూర్తిగా ఆవిరయ్యాకే మూతున్న డబ్బాలో వేశాం.

తర్వాత హెడ్. అల్యూమినియం హెడ్ కాబట్టి చల్లగా ఉన్నప్పుడే, బోల్టుల్ని బయటి నుంచి లోపలికి కొద్దికొద్దిగా వదులు చేస్తా వచ్చాం. మొన్న రాసి పెట్టుకున్న ఆ కూలెంట్ ఇక్కడే ఉంది. హెడ్ కదలగానే గాస్కెట్ అంచు నుంచి ఆకుపచ్చ నీళ్లు ఊరి, కొన్ని సిలిండర్లలోకి, కొన్ని బోల్టు రంధ్రాల్లోకి పోయాయి. నేల మీద పడేదాని కంటే ఈ లోపల పడేదే ప్రమాదం. బోల్టు రంధ్రం అడుగు మూసుకుని ఉంటే అందులో నిలిచిన ఆయిల్ గానీ నీళ్లు గానీ నలగవు కదా, పైనుంచి బోల్టు బిగిస్తే ఆ ఒత్తిడి అంతా గోడల మీద పడి బ్లాక్ పగిలే అవకాశం ఉంది, పగలకపోయినా బిగువు కొలిచే పానా (టార్క్ రెంచి) సరిపోయిందని చూపిస్తది గానీ హెడ్ మీద అసలు బిగువు పడి ఉండదు. పశువుల మందుల షాపులో దొరికే పెద్ద సిరంజికి సన్న ట్యూబు తొడిగి ఒక్కో రంధ్రంలోంచి పీల్చాం, ఆ తర్వాత బనియన్ వేస్ట్ ని పుల్లకి చుట్టి పొడిగా వచ్చేదాకా తిప్పాం. కంప్రెసర్ గాలి కొట్టొచ్చు కానీ అప్పుడు రంధ్రం మీద బట్ట కప్పి కొట్టాలి, లేకపోతే ఆయిల్ నేరుగా కళ్లలోకి వస్తది.

హెడ్ పైభాగంలో వాల్వుల్ని తెరిచే కామ్ షాఫ్ట్ చుట్టూ గుంటల్లో ఆయిల్ నిలిచి ఉంటది, చేత్తో మోసుకుపోతే దారంతా చుక్కలే. బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బు బండి పక్కకే తెచ్చి హెడ్ ని అందులో దించి టబ్బుతో సహా మోశాం.

ఆదివారం, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్

గేర్ బాక్స్ లో ముందు ఆయిల్ పోసే బోల్టు విప్పాలి, తర్వాతే దించే బోల్టు. పోసేది ఊడకుండా మొరాయిస్తే దించేసిన బాక్స్ లో ఆయిల్ ఎలా పోస్తాం? రెండూ ఊడతాయని తేలాకే దించాం. దించకుండా డ్రైవ్ షాఫ్ట్ లాగితే ఆ రంధ్రంలోంచి గేర్ ఆయిల్ గుబుక్కున దూకుతది. దించినా కొంత మిగులుతది, షాఫ్ట్ బయటికి రాగానే రంధ్రానికి బట్ట కుక్కి, సీల్ మార్చేటప్పుడు తీశాం. ఆ వాసన గంధకంది, బట్టలకి పట్టిందంటే రెండు ఉతుకుల దాకా పోదు.

బ్రేక్ ఆయిల్ మిగతావాటి లాంటిది కాదు, పెయింట్ ని తినేస్తది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి, వాటి కోసం చక్రం దగ్గరి బ్రేక్ పిస్టన్ ని వెనక్కి నొక్కితే ఆయిల్ పైన బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి తన్నుకొచ్చి పొంగి మాస్టర్ సిలిండర్ కింద బాడీ రంగు మీద పడ్తది. ముందే సిరంజితో డబ్బాలోంచి కొంత తీసేసి, చుట్టూ తడి బట్ట చుట్టి నొక్కాం. ఎక్కడైనా పడితే పొడి బట్టతో రుద్దొద్దు, వెంటనే నీళ్లు ధారాళంగా పోయాలి, నీళ్లలో కలిసి పోతది.

ఆ తర్వాతి వారం, పాత మరక

బండి ఎప్పుడూ ఆగే చోట, ఆ డ్రైవ్ షాఫ్ట్ సీల్ కారి కారి, బండ మీద పళ్లెం అంత నల్ల మరక ఎప్పటి నుంచో ఉంది. బాత్రూం యాసిడ్ పోయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. తాండూరు బండ సున్నపురాయి, యాసిడ్ పడగానే నురగలు కక్కుతది, ఆ నురగ చూసి మరక పోతుందనుకుంటారు, కానీ పోయేది రాయి. నునుపు పోయి గరుకు తేలి తర్వాత పడే ప్రతి మరకనీ ఇంకా ఎక్కువ పీల్చుకుంటది. కడప రాయికి కూడా ఇదే వర్తిస్తది.

మేం వాడింది ముగ్గు పిండి. టర్పెంటైన్ తో చపాతీ ముద్దంత గట్టిగా కలిపి మరక మీద వేలి మందాన పరిచి, పైన పాలిథిన్ కప్పి అంచులకి టేపు వేసి రాత్రంతా వదిలేశాం. టర్పెంటైన్ రాయిలోకి దిగి ఆయిల్ ని కరిగిస్తది, పొద్దున పాలిథిన్ తీసేస్తే ముద్ద ఆరుతా ఆ ఆయిల్ ని తనలోకి లాక్కుంటది. తెల్ల పిండి గోధుమ రంగుకి తిరిగింది. మళ్లీ కొత్త ముద్ద వేశాం, ఆ తర్వాత వేడి నీళ్లూ సర్ఫూ వేసి కొబ్బరి పీచుతో రుద్దాం. మరక ఎక్కడుందో తెలిసినవాళ్లకి నీడలా కనిపిస్తది తప్ప పైనున్న జిడ్డు పూర్తిగా పోయింది. దీనికి కూడా మంట దగ్గర ఉండకూడదు.

బిగించాక

హెడ్ ని మెషిన్ షాపులో సమం చేయించి, కొత్త గాస్కెట్ వేసి, బోల్టుల్ని లోపలి నుంచి బయటికి మాన్యువల్ ప్రకారం టార్క్ రెంచితో బిగించాం. చాంబర్ బోల్టు రంధ్రానికి కొత్త మర కొట్టించి కొత్త వాషర్ వేశాం. ఇంజిన్ ఆయిల్ 20డబ్ల్యూ-40 గ్రేడుది, గేర్ బాక్స్ కి జీఎల్-4 రకం ఆయిల్. ఇంజిన్ కింద బాగా కడిగేశాం, ఎందుకంటే మురికి మీద కొత్త లీకేజీ కనపడదు.

రాత్రికి బండి కింద తెల్ల అట్ట పరిచాం, అట్ట మీద నాలుగు చక్రాల స్థానం పెన్నుతో గీసి పెట్టుకుంటే ఏ చుక్క దేని కింద పడిందో తెలుస్తది. పచ్చగా నీళ్లలా ఉంటే కూలెంట్, తేనె రంగైతే ఇంజిన్ ఆయిల్, గంధకం వాసనొస్తే గేర్ ఆయిల్, చక్రం దగ్గర జిడ్డుగా ఉండి నీళ్లలో కలిసిపోతే బ్రేక్ ఆయిల్. మొదటి రాత్రి పచ్చ చుక్కలు రెండు, పై హోస్ క్లిప్పు దగ్గర. క్లిప్పు మార్చాక అట్ట శుభ్రంగా ఉంది.

ఇక దించినవన్నీ. మా వైపు పాత ఆయిల్ అంటే చెదలకి దూలాలకి పూస్తారు, సెంట్రింగ్ చెక్కలకి రాస్తారు, పొలం గట్టు మీద పోస్తారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది, దాన్ని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్లకే పోనివ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఆయిల్ తయారు చేసే కంపెనీలకి కూడా దాన్ని తిరిగి రీసైక్లింగ్ కి చేర్చే బాధ్యత పెట్టారు. ఇంట్లో పని చేసుకునే మనకి దారి ఏంటంటే, రీసైక్లర్ బండి వచ్చి డ్రమ్ములు తీసుకుపోయే పెద్ద సర్వీస్ సెంటర్ లో అడిగి ఇవ్వడమే. మేం అడిగిన చోట మంచి ఆయిల్ తీసుకున్నారు, గేర్ ఆయిల్ కూడా అందులోనే పోయించుకున్నారు, కూలెంట్ క్యాన్ తీసుకున్నారు. నీళ్లు కలిసిన డబ్బా మాత్రం వద్దన్నారు, అది ఇంకా మా దగ్గరే ఉంది, అడుగున నీళ్లు తేరాక పై ఆయిల్ వేరుచేసి మళ్లీ తీసుకుపోవాలి, ఆయిల్ పీల్చిన బూడిద కూడా మూతున్న రేకు డబ్బాలో వాళ్లకే ఇవ్వాలి. చెట్ల మొదట్లో పోయడానికి అది పనికిరాదు.

వచ్చే ఆదివారం రేడియేటర్ డ్రెయిన్ మూత రబ్బరు వాషర్ మార్చాలి, ఫ్లెక్సీ ని సర్ఫ్ తో తుడిచి చుట్టి అటక మీద పెట్టాం. పక్క వీధి బావ తన బండి వాటర్ పంపు విప్పుతాడంట, ఫ్లెక్సీ చెక్కలతో సహా ఆయనకే ఇస్తున్నాం.